పిండి పొంగే గది

రైలు కట్ట తెగి నీళ్ళు వీధుల్లోకి వచ్చిన వరద తర్వాత రెండో ఏడు అది.

నా మనవరాలు బన్ను తూకం మిషను మీద నిలబడి ఉంది. నర్సు వంగి, ముల్లు కుదురుకునేదాకా చూసి, కాగితం మీద వేసుకుంది. పైకి ఏమీ అనలేదు. అనకపోవడంతోనే మాకు తెలిసిపోయింది.

"మళ్ళీ తగ్గిందా?" అంది కోడలు.

"లోపలికి వెళ్ళండమ్మా. డాక్టరుగారు చెప్తారు."

బన్ను దిగి చెప్పులు వేసుకుంది. పట్టీ పెట్టుకోవడానికి వంగి, మధ్యలో ఆగి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది. ఒక చెప్పు పట్టీకి అంత ఊపిరి కావలసి వస్తోంది దానికి.

మాది రొట్టెల బట్టీ. పుట్టినప్పుడు బుగ్గలు చూసి వాళ్ళ నాన్న పెట్టిన పేరు బన్ను. బళ్ళో వేయించిన పేరు వేరే ఉంది, అది టీచర్లకు తప్ప ఎవరికీ పట్టదు. ఇప్పుడు ఆ బుగ్గలు లేవు. తొడల కన్నా మోకాళ్ళు లావుగా కనిపిస్తున్నాయి. అయినా పిలుపు మారలేదు. మార్చడానికి ఎవరికీ నోరు రాలేదు.

డాక్టరమ్మ ముందు నా కొడుకు, కోడలు, బన్ను కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"నేను పెట్టేది పెడుతూనే ఉన్నానండీ," అంది కోడలు, ఆవిడ అడగకముందే. "పాలు, గుడ్లు, వెన్న, అరటిపళ్ళు. మీరు రాసిచ్చిన పొడి కూడా. కాదనకుండా తింటుంది. పెద్దవాళ్ళు తిన్నంత తింటుంది. అయినా మా అత్తయ్యకి నామీద నమ్మకం లేదు."

"ఏమన్నారు ఆవిడ?"

"అనరు. గిన్నె మూతలు తీసి చూస్తారు."

డాక్టరమ్మ నవ్వలేదు. పిల్లను దగ్గరికి పిలిచి మణికట్టు పట్టుకుంది. కాసేపు గడియారం చూసింది.

"మాత్ర వేస్తున్నారా? గుండె ఇంకా పరుగెడుతూనే ఉంది. వెనక్కి తిరుగు తల్లీ."

నా కొడుకు కిటికీ వైపు చూశాడు. పిల్ల గౌను పైకెత్తినప్పుడల్లా వాడు కిటికీ వైపే చూస్తాడు. ఆ కిటికీలోంచి పక్క భవనం గోడ తప్ప ఏమీ కనిపించదు.

"కాలిన చోట అతికిన చర్మం బాగా పట్టింది. నడుం దగ్గర రెండు చోట్ల పచ్చిగా ఉంది, అంతే."

"మరి తిన్నది ఎటు పోతోందండీ?" అంది కోడలు.

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"పుండు మానింది కదా, ఇక అయిపోయిందని అందరూ అనుకుంటారు. కండలో ప్రతి కణంలోనూ చిన్న చిన్న పొయ్యిలుంటాయమ్మా. మనం తిన్నది మండించి, కండ కదలడానికి శక్తి తయారు చేస్తాయి. ఇంతగా కాలిన పిల్లల్లో ఆ పొయ్యిలు గతి తప్పుతాయి. మంట ఎక్కువ, శక్తి తక్కువ. మిగతాదంతా వట్టి వేడిగా పోతుంది. పిల్ల ఊరికే పడుకున్నా అవి మండుతూనే ఉంటాయి. తిన్నది చాలకపోతే కండనే కరిగించి మండించుకుంటాయి."

"అంటే ఇంకా మండుతూనే ఉందన్న మాట," అన్నాడు నా కొడుకు. ఇంట్లో బయలుదేరిన దగ్గర్నుంచి వాడు అన్న మొదటి మాట అది.

డాక్టరమ్మ వాడి అరచేతుల వైపు చూసింది. అవీ పిల్లతో పాటు ఆ రోజు కాలినవే.

"లోపల," అంది. "పైన మానినంత తొందరగా లోపల మానదు. నెలలు పడుతుంది. కొందరికి ఏడాది దాటుతుంది. ఈలోగా కండ పూర్తిగా పోకుండా మనం కాపాడుకోవాలి. పోయిందంటే ముందు నడక పోతుంది. దగ్గు వస్తే దగ్గే బలం కూడా ఉండదు."

డాక్టరమ్మ కలం తీసుకుంది.

"ఇంట్లో ఎక్కడ పడుకుంటుంది?"

"మేడ మీద గదిలో అండీ," అన్నాడు నా కొడుకు. ఈ ఒక్క ప్రశ్నకు వాడి దగ్గర జవాబు ఉంది. "రెండు కిటికీలు. గాలి బాగా ఆడుతుంది."

డాక్టరమ్మ చేతిలో కలం ఆగింది. "రాత్రి చలేస్తుందా నీకు?" అని పిల్లను అడిగింది.

బన్ను వాళ్ళ నాన్న వైపు చూసింది.

"అటు కాదు, నన్ను చూసి చెప్పు."

"వేస్తుంది. నాన్న నన్ను ఆరబెడతాడు."

"ఆరబెట్టడమేంటి?"

"రొట్టెల్ని ఆరబెట్టినట్టు. కిటికీలు తీసి, తడిబట్ట కప్పి, విసురుతాడు. నిద్ర కూడా పోడు."

"మరి చలేస్తోందని చెప్పలేదేం?"

"నాన్న అంత కష్టపడుతున్నాడు కదా," అంది బన్ను.

బట్టీలోంచి తీసినంత మాత్రాన రొట్టె ఉడకడం ఆపదు. లోపల వేడి ఉంటుంది. చెక్కల మీద పరిచి నాలుగు వైపులా గాలి తగలనివ్వాలి. లేకపోతే అడుగున చెమ్మ పట్టి పాడవుతుంది. మా ఇంట్లో పుట్టినవాళ్ళకు, మెట్టినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పిల్ల ఒళ్ళు ముట్టుకుంటే వేడిగా ఉంది. వాడు గాలికి పెట్టాడు.

"ఒళ్ళు కాలిపోతోంది కదండీ," అన్నాడు. "లోపలి వేడి దిగితే సర్దుకుంటుందనుకున్నా."

"జ్వరమైతే ఇక్కడికి తీసుకురావాలి. ఇది జ్వరం కాదు, ఆ పొయ్యిల వేడి. గాలికి పెడితే ఒళ్ళు ఏమనుకుంటుంది? ఉన్న వేడి చాలట్లేదనుకుంటుంది. ఇంకా మండిస్తుంది. మీరు విసిరిన ప్రతి రాత్రీ..."

డాక్టరమ్మ అక్కడ ఆపేసింది. కాగితాలు సర్దుకుంది. నా కొడుకు మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. ఈసారి పిల్ల గౌను దించే ఉంది.

"ఇవాళ్టి నుంచి వెచ్చటి గదిలో పడుకోబెట్టండి," అంది ఆవిడ, గొంతు తగ్గించి. "హీటరు తెచ్చుకోండి. తలుపు సందుల్లోంచి కూడా గాలి రాకూడదు. ఇంకో సంగతి, పిల్లకి పని చెప్పండి. లాగడం, నెట్టడం, పిసకడం, ఏదైనా సరే."

"పనా?" అంది కోడలు. "మంచినీళ్ళ గ్లాసు కూడా నేనే పట్టుకుంటున్నానండీ."

"అందుకే చెప్తున్నా. ఊరికే ఉన్న కండని ఒళ్ళు ముందు తినేస్తుంది."

బస్సులో బన్నును మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. కాలిన రోజు నుంచి కోడలు మొగుడితో నేరుగా మాట్లాడదు. పిల్లే టపా మోస్తుంది.

"బన్నూ, హీటరు ఎప్పుడు తెస్తారో అడుగు."

"నాన్నా, హీటరు."

"దిగగానే తెస్తానని చెప్పు."

"తెస్తాడట."

"విసనకర్ర మాత్రం ఎవరూ చెప్పకుండానే దొరికిందని చెప్పు."

బన్ను కాసేపు ఆలోచించింది. "అమ్మ సరే అంది," అని చెప్పింది. పెద్ద మాటలను అది చిన్నవి చేసి అందిస్తుంది. కోడలు అన్న అసలు మాట వాడికీ వినిపించింది. వాడు ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికి వచ్చేసరికి నా భార్య గుమ్మంలోనే ఉంది.

"ఏమందట డాక్టరమ్మ?" అని నన్ను అడిగింది.

"వాళ్ళు చెప్తారు," అన్నాను.

"ఈయన్ని అడిగే బదులు గోడని అడిగితే నా గొంతైనా తిరిగి వినిపిస్తుంది," అని కోడలి వైపు తిరిగింది. కోడలు చెప్పింది. ఒక్కొక్క మాటే, వరసగా, ఎవరి ఇంట్లోనో జరిగినట్టు చెప్పింది. నా భార్య చివరిదాకా విని మేడ మీదికి వెళ్ళి రెండు కిటికీలూ మూసి వచ్చింది.

సాయంత్రం నా కొడుకు హీటరు తెచ్చి మంచానికి ఎదురుగా పెట్టాడు. స్విచ్చి వేశాడు. తీగ ముందు నల్లగానే ఉంది. తర్వాత మెల్లగా ఎర్రబడింది.

బన్ను అరవలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. కళ్ళు ఆ తీగ మీదే ఉన్నాయి. పిల్ల కింద దుప్పటి తడిసిపోతోంది.

"తీసెయ్," అంది నా భార్య. వాడు అప్పటికే తీసేశాడు.

తీగ మళ్ళీ నల్లబడ్డాక, "సారీ నాన్నా," అంది బన్ను.

దుప్పట్లు కప్పి చూశారు. పచ్చిగా ఉన్న చోట రాసుకుని మండితే పిల్లే లాగి పడేసింది. మూసిన కిటికీల సందుల్లోంచి గాలి వస్తూనే ఉంది. ఆ మేడ గది వేసవి కోసం కట్టుకున్నది. బన్నును కింద మా గదిలో పడుకోబెట్టారు. అక్కడ గచ్చు చల్లన.

"పిండి గది ఉంది కదా," అంది నా భార్య.

అది అందరికీ తెలిసిన సంగతే. ఎవరో ఒకరు అనాలి, ఆవిడ అంది.

బట్టీ పెరటికి ఆ చివర ఉంది. దాని వెనక గోడకు ఆనుకుని పిండి పొంగించే గది. కిటికీ లేదు. పెరట్లోకి ఒక్క తలుపు. అందులోంచి నిప్పు కనపడదు, పొగ రాదు. బట్టీ ఒకసారి వేడెక్కితే ఆ గోడ మర్నాటిదాకా వెచ్చగా ఉంటుంది. బన్ను చంటిదిగా ఉన్నప్పుడు కోడలు ఆ గోడకే వీపు ఆనించి పాలిచ్చేది. అయితే బట్టీ వెలగాలి. నా కొడుకు నిప్పులు బయటికి లాగుతుండగా వెనక వచ్చి నిలబడ్డ పిల్ల గౌను అంటుకున్న రోజు నుంచి అది వెలగలేదు. వాడిప్పుడు వేరేవాళ్ళ గోడౌనులో మూటలు మోస్తున్నాడు.

"ఆ మాట మళ్ళీ అనకండి అత్తయ్యా."

"అంటాను. పిల్ల పక్కటెముకలు దూరం నుంచే కనిపిస్తున్నాయి."

"మూతలు తీసి చూసింది చాల్లేదా?"

"తీశాను. నువ్వు పెట్టట్లేదని కాదు. ఇంత తింటున్న పిల్ల ఎలా చిక్కిపోతోందో తెలీక, గిన్నెలో ఏమైనా కనిపిస్తుందేమోనని తీశాను. ఆ గిన్నెల్లో ఏముంటుంది, మూతకింద ఆవిరి తప్ప. తప్పే. ఇప్పుడు తెలిసింది కదా ఎటు పోతోందో."

"తెలిసిందని మళ్ళీ ఆ నిప్పు దగ్గరికే తీసుకెళ్ళాలా? ఎర్రటి తీగ చూస్తేనే ఏమైందో చూశారుగా."

"అక్కడ నిప్పు కనపడదే తల్లీ. ఉండేది గోడ."

"నాకు కనపడుతుంది," అంది కోడలు.

మెట్ల మీద కూర్చున్న నా కొడుకు తలెత్తకుండా అన్నాడు. "నేను వెలిగించలేనమ్మా."

"నిన్నెవరు వెలిగించమన్నారు?" అంది కోడలు. మధ్యలో పిల్ల లేదు. నేరుగా వాడి మొహం చూసే అంది. "నువ్వు ఆరబెట్టావుగా. చాలు."

వాడు కొంతసేపు అరచేతులు చూసుకున్నాడు.

"ఆరబెట్టాను. ఆ తడిబట్ట పిండి ఇచ్చిందెవరు?"

నా భార్య నా వైపు చూసింది. నేను గచ్చు వైపు చూశాను.

"నేనే," అంది కోడలు. గొంతు పెరగలేదు. "రోజూ నేనే పిండి ఇచ్చాను. ఇంకా చల్లటి నీళ్ళు తెమ్మంటే అవీ తెచ్చాను. అందుకే వెళ్తున్నాను. ఈ ఇంట్లో మనందరికీ తెలిసింది రొట్టె ఒక్కటే. పిల్ల సంగతి తెలీదు."

"ఎక్కడికి?"

"అన్నయ్యకి ఫోన్ చేశాను. పొద్దున ఆటో పంపిస్తాడు."

"మీ అన్నయ్య ఇల్లు నాలుగో అంతస్తు," అంది నా భార్య. "గాలికి తలుపులు వాటంతటవే కొట్టుకుంటాయి. నీళ్ళు మోసుకెళ్ళాలన్నా..."

"తలుపులు మూసుకుంటాం. అక్కడ బట్టీ లేదు. అది చాలు నాకు."

"పిల్ల అన్ని మెట్లు ఎక్కుతుందా?"

"ఎత్తుకుంటాను. ఇప్పుడేమంత బరువుందని?"

నా కొడుకు లేచి పెరట్లోకి పోయాడు. కోడలు పిల్ల గౌన్లు మడతపెట్టడం మొదలుపెట్టింది. అన్నీ వెనక బొత్తాలున్న కొత్త గౌన్లే, చర్మానికి తగలకుండా వదులుగా కుట్టించినవి. చిన్నవైపోయే సమస్య వాటికి రాలేదు.

"మీరేమైనా అనండి," అంది నా భార్య నాతో. "ఇంటికి పెద్ద. మూడు మాటలు కలిపి మాట్లాడితే దవడలు పట్టేస్తాయా?"

ఏమనాలో తెలిస్తే అనేవాణ్ణే.

నేను బన్ను మంచం పక్కన కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని పడుకుంది. అరికాలు పట్టుకుంటే చల్లగా ఉంది. వీపు మీద చెయ్యి వేస్తే సెగ.

"తాతా, నేను రొట్టెనా?"

"కాదు."

"మరేంటి?"

"పడుకో," అన్నాను.

అది పడుకోలేదు. నేనూ లేవలేదు. అరికాళ్ళు రెండూ నా చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. అవి ఎంతకీ వెచ్చబడలేదు.

మర్నాడు పొద్దున నేను బట్టీ గది తాళం తీశాను.

లోపల సాలెగూళ్ళు పట్టి ఉన్నాయి. నిప్పులు లాగే ఇనపకర్ర నా కొడుకు ఆ రోజు పడేసిన చోటే అడ్డంగా పడి ఉంది. తీసి గోడకు ఆనించాను. బట్టీలో చెయ్యి పెట్టి చూస్తే ఇటుక చెమ్మగా ఉంది. చెమ్మ ఇటుక మీద పెద్ద మంట వేస్తే పగిలిపోతుంది. వరద నీళ్ళు తీశాక ఎలా వెలిగించానో ఇప్పుడూ అలాగే వెలిగించాను. ముందు గుప్పెడు కట్టె పేళ్ళు. అవి అయ్యాక ఇంకో గుప్పెడు. పొగ కాసేపు నా మొహం మీదికే వచ్చింది. తర్వాత దారి దొరికి గొట్టంలోకి పోయింది.

నా భార్య టీ తెచ్చింది. గొట్టం వైపు, నా వైపు చూసి, గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్ళింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఏమీ అనకుండా వెళ్ళడం నాకు గుర్తు లేదు.

నా కొడుకు గడప దాకా వచ్చి ఆగాడు. లోపలికి అడుగు పెట్టలేదు. కొంతసేపటికి బయట కట్టెల గుట్టలోంచి ఒక కట్టె తీసి గడప మీదుగా చాపాడు. అందుకున్నాను. ఇంకోటి చాపాడు.

వీధిలో ఆటో కూత వినిపించింది. పెరట్లో అడుగుల చప్పుడు. పిల్లకు నిప్పు కనపడకుండా బట్టీ నోటి ఇనప తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

కోడలు ఒక చేత్తో మూట, ఒక చేత్తో బన్నును పట్టుకుని వచ్చి గుమ్మానికి ఎదురుగా నిలబడింది. పొగ వాసన పెరడంతా ఉంది.

"నేను రాత్రే చెప్పాను కదా మామయ్యా."

"చెప్పావమ్మా."

"మరి?"

కోడలు నా కొడుకు చేతిలో ఉన్న కట్టెను చూసింది. వాడు దాన్ని దాచలేదు, దించలేదు.

"తాతా, నీ వెనక ఏముంది?" అంది బన్ను.

"తలుపు."

అది నా కాళ్ళ పక్కల నుంచి చూడటానికి వంగింది. ఏమీ కనపడలేదు. తల్లి చెయ్యి వదిలించుకుని, పెరట్లోంచే పక్కకు నడిచి, పిండి గది తలుపు నెట్టింది. తలుపు బిగుసుకుని ఉంది. మళ్ళీ నెట్టింది, ఈసారి భుజంతో. కోడలు సాయానికి ముందుకు ఒక అడుగు వేసి, ఎందుకో ఆగిపోయింది. తలుపు వచ్చింది. లోపలి నుంచి దాని గొంతు మాత్రం వినిపించింది.

"గోడ చల్లగానే ఉంది తాతా."

"సాయంత్రానికి వెచ్చబడుతుంది."

"పిండి కలుపుతావా?"

"నువ్వు కలపాలి."

"రాత్రి అడిగితే చెప్పలేదు నువ్వు," అంది ఆ గదిలోంచే. "నేను రొట్టె కాకపోతే ఏంటి?"

"పిండివి," అన్నాను. "పొంగేదాకా గాలి తగలకూడదు."

ఆటో ఇంకోసారి కూసింది. కోడలు మూట కింద పెట్టలేదు. గేటు వైపూ నడవలేదు. నా వీపు వెనక ఇనప తలుపు నిదానంగా వేడెక్కుతోంది. నేను కదల్లేదు.